మా బావి పక్కన కంపెనీ బంకు

నాకు అనుమానం ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఉండదా మరి? మిరప విత్తనం ప్యాకెట్టు మీద నిగనిగలాడే కాయ బొమ్మ వేసి లోపల తాలు గింజలు పోసి అమ్మిన రోజులు చూసినదాన్ని. పురుగుమందు కొట్టిన మర్నాడు పురుగు ఇంకాస్త బలిసి కనిపించిన చేలు చూసినదాన్ని. కొట్లో కందిపప్పు కొన్నా నాలుగు బద్దలు కొరికి చూడందే సంచిలో పోయించుకోను. "నీకు మజ్జిగలో కూడా విషం కనపడుద్ది వదినా" అంటాడు మా మరిది. కనపడితే చెప్పాలిగా. చెప్పకుండా గుటుక్కున మింగనా?

సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళ వైపు వెళ్ళే దారిలో రోడ్డు పక్కనే మా చేను. చేలోనే ఇల్లు. ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసే కల్లం, కల్లం పక్కన బావి. మా వైపు నీళ్ళన్నీ సున్నం నీళ్ళు. ఆ నీళ్ళతో పొయ్యి మీద పప్పు పెడితే కట్టెలు అయిపోతాయి గాని పప్పు మెత్తబడదు. మా బావి నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఊళ్ళో పెళ్ళయినా తద్దినమైనా పప్పులోకి నీళ్ళు మా బావి నుంచి వెళ్ళాల్సిందే. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి, నీళ్ళు చేదుకుని, మా అత్తయ్యతో కాసేపు కబుర్లు చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ బావంటే ఆవిడకు గొప్ప. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ నీళ్ళే తాగింది. ఊరంతా క్యాను నీళ్ళకు మరిగినా ఆవిడ మాత్రం వాటిని చచ్చిన నీళ్ళు అనేది.

ఆస్తి పంపకాల్లో గట్టుకు ఇవతల పొలం మాకు వచ్చింది, అవతలిది మరిదికి. అన్నదమ్ములకు మాట పట్టింపులు లేవు. అత్తయ్య మా దగ్గరే ఉన్నా ప్రాణమంతా చిన్నకొడుకు మీదే. వరసగా రెండు పంటలు నల్ల తామర పురుగు పూతతో సహా నాకేశాక మరిదికి వ్యవసాయం మీద విరక్తి పుట్టింది. సరిగ్గా అప్పుడే రోడ్డు వెడల్పు చేశారు. ఆ వెంటనే కంపెనీ వాళ్ళ కారు వచ్చి మా గట్టు పక్కన ఆగింది.

అది ప్రపంచమంతా చమురూ గ్యాసూ అమ్మే పెద్ద విదేశీ కంపెనీ. పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది. దిగినతను మన తెలుగబ్బాయే. చొక్కా టక్కు చేసుకుని, మెడలో కార్డు వేసుకుని, చేను మట్టి బూట్లకు అంటకుండా గట్టు మీదే నిలబడి మాట్లాడాడు. పెట్రోలు బంకు పెడతారట. స్థలం మరిదిది, అద్దె కంపెనీది, నడిపే బాధ్యత కూడా మరిదికే ఇస్తారట.

"ట్యాంకులు ఎక్కడ పెడతారు బాబూ?" అని అడిగాను.

"భూమి లోపలండీ."

"మా బావి కూడా భూమి లోపలే ఉంది. ఇక్కడ కింద అంతా నాపరాయి పొరలు. ఆ సందుల్లో నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయో దేవుడికి కూడా తెలీదు."

"రెండు గోడల ట్యాంకులు మేడమ్. చుక్క కారినా సిటీలో మా ఆఫీసులో గంట మోగుద్ది. ఇంటర్నేషనల్ స్టాండర్డ్స్."

సిటీలో గంట మోగితే ఇక్కడ నా బావికి ఏం వినపడుతుందని అడిగాను. అతను నవ్వాడు. మా మరిది నవ్వలేదు. "నమ్మి చెడినవాళ్ళు లేరు వదినా" అన్నాడు. ఆ సామెత మనకు అమ్మేవాడి నోట్లోంచి పుట్టి ఉంటుందని నాకెప్పుడూ అనుమానమే.

ఆ రోజు కంపెనీ పేరు వినగానే అత్తయ్య మంచం మీద నుంచి తల ఎత్తింది. "ఆళ్ళా? మా అత్త కాలంలోనూ వచ్చారుగా" అంది. వాళ్ళ అత్తగారు చెప్పిన సంగతి అది. అప్పట్లో ఇళ్ళల్లో ఆముదం దీపాలు. ఆముదం చేలో పండేది, గానుగలో ఆడించుకునేవాళ్ళు, ఎవరి ముఖం చూడాల్సిన పని లేదు. అప్పుడు ఎడ్లబండి మీద రేకు డబ్బాలు వేసుకుని కంపెనీ మనిషి వచ్చాడట. సంతలో నిలబడి గాజు చిమ్నీ దీపాలు దాదాపు ఊరికే పంచిపెట్టాడట. దీపం చూసి ఊరు ఊరంతా మురిసిపోయింది. డబ్బాలో నూనె అయిపోయాకగాని అర్థం కాలేదు, దీపం ఊరికే వచ్చింది గాని నూనె ఊరికే రాదని. ఆ తర్వాత ఆముదం చేలు తగ్గిపోయాయి. "దీపం ఇచ్చి మనల్ని నూనెకు కట్టేశారు" అని ఆ పెద్దావిడ చచ్చేదాకా తిట్టిందట.

నేను ఊరుకుంటానా. మనవైపు పిల్లనివ్వాలంటే అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ వాకబు చేస్తాం. భూమిలో ట్యాంకు దించేవాడి సంగతి వాకబు చెయ్యొద్దా? ఫోను పట్టుకుని కూర్చున్నాను. అర్థమైనంత వరకు చదివాను, అర్థం కానిది ఇంటర్ చదివే మా తోడికోడలి కూతురితో చెప్పించుకున్నాను. మొదట ఓడల్లో కిరసనాయిలు అమ్మారు. తర్వాత ఎడారి దేశాల్లో బావులు తవ్వారు. ఆ దేశాల రాజులతో కాగితాలు రాయించుకున్నారు, రాజులు మారితే కొత్తవాళ్ళతో మళ్ళీ రాయించుకున్నారు. ఒకచోట ప్రజలు తిరగబడితే బయటకు నడిచారు, ఇంకోచోట ఇంకో పేరుతో లోపలికి వచ్చారు. మన దేశంలో సర్కారు వాళ్ళ వ్యాపారాన్ని తీసేసుకున్నప్పుడు బోర్డుల రంగు మారింది, వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంజను ఆయిలు డబ్బాలుగా తిరిగొచ్చారు. ఇప్పుడు బంకుగా వస్తున్నారు. సముద్రంలో చమురు ఒలికించిన కథలు, నది పక్క పల్లెల వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిన కథలు కూడా కనిపించాయి. అవన్నీ ఎక్కడో దూరదేశాల్లో. చదువుతుంటే ఒకటి మాత్రం నాకు బాగా పట్టుబడింది. ఎక్కడ ఏం జరిగినా, అడగడానికి జనం వచ్చే వేళకు అక్కడ బోర్డు మీద ఇంకో పేరుంటుంది.

ఇదంతా మరిదికి చెప్పాను. "ఒడ్డున కూర్చుని చెప్పేవాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు. మూడో పంట కూడా పురుగు తింటే నన్ను కూర్చోబెట్టి నువ్వు తిండి పెడతావా?" అన్నాడు. సంతకం పెట్టాడు. రాయి పగలగొట్టి గుంట తవ్వారు. ఇళ్ళంత ట్యాంకులు క్రేనుతో దించుతుంటే నేను బావి దగ్గర నిలబడి చూశాను, ఏదో ఒకటి అనాలని. అనడానికి ఏమీ దొరకలేదు. గుంటలో సిమెంటు పోశారు, ఇసుక పోశారు, అంతా పద్ధతిగానే చేశారు. పద్ధతిగా చేసేసరికి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ప్రారంభం రోజు పెట్రోలు మిషనుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ ప్యాకెట్టు, ఒక రంగుల పుస్తకం ఇచ్చారు. అందులో కంపెనీ చరిత్ర. మొదటి పేజీలో తెరచాపల ఓడ, చివరి పేజీలో గాలిమర ముందు నవ్వుతున్న పిల్లలు. మధ్యలో నేను ఫోనులో చదివినవి ఒక్కటీ లేవు. అత్తయ్యను మరిది చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి బండికి పెట్రోలు ఆవిడ చేత కొట్టించాడు. ఆ పిడి పట్టుకోవడం చేతకాక, నవ్వాపుకోలేక, కొడుకు వంక చూస్తూ ఆవిడ పడ్డ సంబరం ఇంతా అంతా కాదు. నేను ఆ ఒక్క నిమిషం నోరు మూసుకున్నాను.

తర్వాత మాత్రం మూయలేదు. కొలత తక్కువ కొడుతున్నారన్నాను. మా ఆయన్ని కొలపాత్రతో పంపించి పట్టించాను, సరిగ్గానే ఉంది. కిరసనాయిలు కలుపుతున్నారన్నాను. వాళ్ళే కాగితం తెచ్చి దాని మీద చుక్క వేసి ఆరబెట్టి చూపించారు, మరక మిగల్లేదు. లారీ డ్రైవర్లకు కళ్ళ పరీక్షల క్యాంపు పెడితే, కళ్ళద్దాలు అంటగట్టడానికే అన్నాను. అద్దాలు ఊరికే ఇచ్చారు. ఇలా నేను అన్నది ప్రతిదీ తప్పని తేలింది. మా ఆయన కూడా, "ఇంక ఊరుకోవే, తమ్ముడి ముందు తలెత్తుకోలేకపోతున్నా" అన్నాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నాకు పేరు పడిపోయింది.

ఆ తర్వాత మిరప కోతలు మొదలయ్యాయి. ఎండు కాయ కల్లంలోకి వచ్చిందంటే మా ఇళ్ళల్లో ముక్కులు పనిచెయ్యవు. తొక్కేవాళ్ళు, తాలు ఏరేవాళ్ళు, బస్తాలు కుట్టేవాళ్ళు అందరూ దగ్గుతూనే ఉంటారు. కళ్ళు మండుతాయి, గొంతు గీరుకుపోతుంది, అన్నం రుచి తెలియదు. ఎవరూ పట్టించుకోరు. దగ్గొస్తే కల్లం ఘాటు. తుమ్మొస్తే కల్లం ఘాటు. పసిపిల్ల ఏడ్చినా కల్లం ఘాటే. అత్తయ్య మాత్రం ఆ కాలమంతా వెనక గదిలో తలుపులు మూసుకుని ఉండేది. ఆవిడకు ఘాటు పడదు.

ఆ రోజుల్లో మా గేదె తొట్టిలో నీళ్ళు తాగడం మానేసింది. మూతి పెట్టి, బుస్సుమని, తల తిప్పుకునేది. కల్లంలో పనిచేసినవాళ్ళు ఆ తొట్టి దగ్గరే కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు. "మిరపకాళ్ళు తొట్టిలో పెట్టారా తల్లీ, నోరులేని జీవాన్ని చంపుతారా" అని కూలీలను తిట్టిపోశాను. వాళ్ళు తొట్టి కడిగారు. గేదె మళ్ళీ తాగలేదు. మళ్ళీ తిట్టాను. నాకు నీళ్ళు తాగుతుంటే గొంతులో మంట. ఘాటు అనుకున్నాను. వెనక గదిలో అత్తయ్య దగ్గు వినపడేది. తలుపు సందుల్లోంచి ఘాటు పోతోందని గుడ్డలు కుక్కాను. బావి దగ్గరకు ఊరి ఆడవాళ్ళు రావడం కూడా తగ్గింది. అందరూ క్యాన్లు కొంటున్నారు కదా, నా నోటికి జడిసి కూడా రావట్లేదేమో అనుకున్నాను. ఇన్నింటిని అనుమానించిన మనిషిని, ముక్కు కింద ఉన్నదాన్ని అనుమానించలేదు.

చీరాల నుంచి ఒకావిడ ఏటా కాయ అమ్ముడుపోయే రోజుల్లో నేత చీరల మూట తెస్తుంది. వాళ్ళింట్లోనే మగ్గాలున్నాయి. వచ్చి అరుగు మీద మూట దించి, చెమట తుడుచుకుని, "దాహమమ్మా" అంది. బావి నీళ్ళు గ్లాసుతో ఇచ్చాను. నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

"ఏమనుకోమాకమ్మా. ఈ గ్లాసుతో కిరసనాయిలు గాని కొలిచారా?"

స్టీలు గ్లాసు, పొద్దున తోమింది. ఇంకో గ్లాసులో పోశాను. వాసన చూసి మొహం పక్కకు తిప్పింది. బావి దగ్గరకు తీసుకెళ్ళి చేద వేసి పైకి లాగాను. చేదలో నీళ్ళు ఎండలోకి పట్టుకుంటే పైన రంగురంగుల తెర కదిలింది. లోపల అత్తయ్య రోజూ చెంబులకు చెంబులు తాగుతోంది. ఆ మాట తప్ప నాకు ఇంకేమీ తోచలేదు.

ఆ చేద అలాగే పట్టుకుని గట్టు దాటి బంకులోకి వెళ్ళాను. మరిది సత్తెనపల్లి వెళ్ళాడు. పనివాళ్ళ చొక్కాలు చూసి మొదట నాకు అర్థం కాలేదు. నిన్నటిదాకా ఒక రంగు, ఇప్పుడు ఇంకో రంగు. పైన నిచ్చెనలు వేసి బోర్డు దించుతున్నారు. ఆఫీసు గదిలో కొత్త అబ్బాయి, మెడలో కొత్త కార్డు.

"పాత కంపెనీ ఈ వ్యాపారం మాకు అమ్మేసిందమ్మా. మేము తీసుకుని ఎన్నాళ్ళో కాలేదు. ముందు జరిగినవాటికి మాకు సంబంధం లేదు."

"మరి పాతవాళ్ళెక్కడ?"

"వాళ్ళు ఈ బంకుల వ్యాపారంలోంచి వెళ్ళిపోయారండీ."

మెడకార్డు వేసుకుని గట్టు మీద నిలబడినతని నంబరుకు ఫోన్ చేయించాను. అతను ఇంకో ఉద్యోగంలో చేరాడట. "అయ్యో, అలాగా మేడమ్" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడేమో కూడా. బాధపడితే నా బావి బాగుపడుతుందా? కొత్త అబ్బాయి చేదలోకి వంగి చూసి, "మీ చేలో ఆయిలింజను ఉందా? పురుగుమందులు ఎక్కడ కలుపుతారు?" అని అడిగాడు. చేద అతని బల్ల మీద పెట్టి, "తాగు. తాగి ఇది ఆయిలింజనో కాదో నువ్వే చెప్పు" అన్నాను. తాగలేదు.

సాయంత్రానికి మరిది మా వాకిట్లోకి వచ్చాడు. ఊళ్ళోవాళ్ళు పది మంది దాకా పోగయ్యారు. ముఖం ఎర్రగా ఉంది.

"కొత్త కంపెనీ వాళ్ళు బంకు నాకే ఉంచుతారో లేదో తెలీక నేను చస్తుంటే, చేద పట్టుకుపోయి అల్లరి చేస్తావా వదినా? మొదట్నుంచీ నీకు నా బంకు మీద ఏడుపే. కొలతన్నావు, కల్తీ అన్నావు, ఒక్కటన్నా నిజమయిందా?"

"ఇది నిజం. వాసన చూడు."

"మిరప కల్లంలో వాసనేంది వదినా. అమ్మ రోజూ ఇయ్యే తాగుతోందిగా. ఏమయింది అమ్మకి?"

అంటూనే గబగబా బావి దగ్గరకు వెళ్ళి, చేదతో నీళ్ళు తోడి, అక్కడున్న చెంబు అందులో ముంచి ఎత్తాడు. అందరూ చూస్తుండగా తాగి చూపిస్తానని.

అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది. ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేని మనిషి. ఎలా లేచిందో, మెట్లు ఎలా దిగిందో మేమెవరం చూడలేదు. కొడుకు చేతి మీద కొట్టింది. చెంబు బావి చప్టాకు తగిలి దొర్లింది.

"నువ్వు తాగమాకురా."

అంతే అంది. ఆ తర్వాత ఆవిడ ఎవరివంకా చూడలేదు. మరిది తడిచెయ్యి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. గుంపులోంచి, నీళ్ళకు వచ్చే అమ్మాయి ఒకతె అత్తయ్యను మెల్లగా అడిగింది. "అందుకా పెద్దమ్మా, కోతలకు ముందునుంచే మమ్మల్ని తాడు పుచ్చిందని ఒకసారి, నాచు పట్టిందని ఒకసారి వెనక్కి పంపించావు? పసిపిల్లలున్న ఇల్లు, క్యాను నీళ్ళే తాగండని నాకు డబ్బులు కూడా ఇయ్యబోయావు."

మరిది బావి గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మర్నాడు అతనే పంపులన్నీ ఆపించాడు. కొత్త కంపెనీ వాళ్ళు వచ్చి నేల తవ్వి ఒక పైపు ముక్క కోసుకుని, గోనెపట్టాలో చుట్టి తీసుకెళ్ళారు. అది ఎన్నాళ్ళనుంచి కారుతోందో, సిటీలో గంట మోగిందో లేదో ఎవరూ చెప్పలేదు. అది పాత కంపెనీ పైపని కొత్తవాళ్ళు అన్నారు. పాతవాళ్ళను అడగడానికి వాళ్ళు లేరు. డాక్టరు అత్తయ్య ఊపిరితిత్తుల ఫొటో తీయించి, వయసును బట్టి చూద్దాం అన్నాడు. దేన్ని చూద్దామన్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. బావి మీద ఇనప వల వేయించాం.

ఆవిడ మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు అడిగేశాను.

"తెలిసి తెలిసి ఎందుకు తాగావత్తయ్యా?"

"నేను మానేస్తే ఎందుకు మానేశావని నువ్వడుగుతావు. నువ్వడిగితే ఊరంతా వినపడుద్ది. వాడి బతుకు రోడ్డున పడుద్ది."

"నీ ప్రాణం పోతే?"

"పైన తేలింది గుడ్డతో తీసేసి తాగేదాన్నిలే. ఎంత తాగుతానే నేను, ముసలిదాన్ని." కాసేపు దగ్గి, ఆయాసం తీర్చుకుని నా వంక చూసింది. "లోకంలో ఎవర్నీ నమ్మవు గదా నువ్వు. నన్నెట్టా నమ్మావే?"

లేచి వెళ్ళి క్యానులోంచి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చి చేతికిచ్చాను. ఆవిడ అందుకుంది గాని తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసి గ్లాసు నా వైపు జరిపింది.

"ముందు నువ్వు తాగు" అంది.